పడకుండా నిలబడడం: తాయ్‌చీ ఎలా నేర్చుకోవాలి

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మైకు కొంచెం దగ్గర పెట్టుకుంటాను.

తాయ్‌చీ, అంటే నెమ్మదిగా కదులుతూ చేసే చైనా యుద్ధకళ, అనగానే రెండు రకాలవాళ్లు వస్తారు. ఒకళ్లు డాక్టరుగారు చెప్పారని వచ్చే పెద్దవాళ్లు. బీపీ అనో, నడుమునొప్పి అనో, కళ్లు తిరుగుతున్నాయనో వస్తారు. రెండోవాళ్లు కుర్రాళ్లు. ఇది కుంగ్‌ఫూ కదా సార్, ఎవడైనా మీదకొస్తే ఏం చెయ్యాలో చూపించండి అంటారు. పెద్దవాళ్లకి కొట్లాట మాట ఎత్తితే ఇష్టం ఉండదు. కుర్రాళ్లకి నెమ్మదిగా కదలమంటే విసుగు. ఇద్దరూ ఒకరినొకరు చూసి, మనం వచ్చింది వేరే క్లాసుకేమో అనుకుంటారు.

నేను ఇవాళ చెప్పేది ఏమిటంటే, ఈ ఇద్దరికీ కావలసింది ఒకటే. పడకుండా ఉండడం. పెద్దావిడ బాత్‌రూమ్‌లో తడి గచ్చు మీద కాలు జారి పడితే తుంటి విరుగుతుంది. కుర్రాడిని గొడవలో ఎవడో రొమ్ము మీద చెయ్యేసి ఒక్క తోపు తోస్తాడు, వాడు వెల్లకిలా పడి తల వెనక భాగం రోడ్డుకి కొట్టుకుంటుంది. ప్రాణం మీదకి వచ్చేది ఆ తోపుతో కాదు, ఆ పడడంతో. రెండు చోట్లా జరిగింది ఏమిటి? తన బరువు ఏ కాలి మీద ఉందో ఆ క్షణంలో తనకి తెలియలేదు. తెలిసినా, దాన్ని రెండో కాలి మీదకి మార్చుకునే అలవాటు ఒంట్లో లేదు. తాయ్‌చీలో ఏ శాఖ తీసుకోండి, ఏ గురువు దగ్గరికి వెళ్లండి, నూటికి తొంభై పాళ్లు నేర్పేది ఇదే. చేతులు అందంగా తిరుగుతుంటాయి కాబట్టి మన కళ్లు చేతుల మీదకి పోతాయి. చూడవలసింది కాళ్లని.

ఇది ఎక్కడిది అని అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం చైనాలోని వూడాంగ్ కొండ మీద జాంగ్ సాన్‌ఫెంగ్ అనే సాధువు, తావో అనే పాత చైనా తత్వమార్గం మనిషి, పాముకీ పక్షికీ జరిగిన పోరు చూసి దీన్ని కనిపెట్టాడు. కథ బాగుంటుంది. చరిత్రకారులు ఒప్పుకోరు. ఆయన పేరుని ‘అంతర్గత’ యుద్ధకళతో, అంటే కండబలం కన్నా ఊపిరి, ధ్యాసల మీద ఆధారపడే పద్ధతితో, ముడిపెట్టిన పాత రాత 1669 నాటిది, హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు ఒక యోధుడి సమాధి మీద రాసిన శాసనం. అందులో షావోలిన్ మఠానిది బాహ్యం, వూడాంగ్‌ది అంతర్గతం అని విభజన కనిపిస్తుంది. మనకి గట్టిగా దొరికే ఆధారాలు హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ అనే పల్లె దగ్గర మొదలవుతాయి. అక్కడి చెన్ వాంగ్‌టింగ్ మింగ్ రాజవంశం కాలపు సైనికాధికారి, పదిహేడో శతాబ్దం మనిషి. 1930ల్లో తాంగ్ హావో అనే పరిశోధకుడు ఆ ఊరు వెళ్లి వాళ్ల కుటుంబ పత్రాలు చూసి, తాయ్‌చీ చెన్ వాంగ్‌టింగ్‌తోనే మొదలైందని రాశాడు.

మరి తావో సంబంధం అబద్ధమా? కాదండీ. చెన్ వాంగ్‌టింగ్ పేరు మీద ఉన్న పద్యంలోనే, ముసలితనంలో తనకి తోడు హువాంగ్‌తింగ్ అనే తావో ధ్యానగ్రంథం అని ఉంది. భంగిమలు చాలావరకు మింగ్ సేనాపతి చీ జీగ్వాంగ్ సైనికుల కోసం రాసిపెట్టిన 32 భంగిమల నుంచి వచ్చాయి. అంటే కొట్టే పద్ధతి సైన్యానిది, ఊపిరినీ ధ్యాసనీ నడిపే పద్ధతి తావోవాళ్లది. బరువు లేనిది ఖాళీ కాలు, బరువున్నది నిండు కాలు అని మనం రోజూ చెప్పుకునే మాట తావోవాళ్ల యిన్, యాంగ్‌లదే, అంటే ఒకదానికొకటి ఎదురుగా ఉండే జంటది. ఇంతకు మించి తత్వం మొదటి ఏడాదిలో అక్కర్లేదు. చెబితే వినడానికి బాగుంటుంది, మోకాలు మాత్రం బాగుపడదు.

ఆ ఊళ్లో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకున్న బయటివాడు యాంగ్ లూచాన్. 1799లో పుట్టి 1872లో పోయాడు. ఆయన బీజింగ్ వెళ్లి రాజకుటుంబాల వాళ్లకి నేర్పాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ దూకుళ్లు, విసుర్లు తగ్గించి, మొత్తం ఒకే వేగంతో, విశాలంగా సాగేలా మలిచాడు. ఇవాళ పార్కుల్లో కనిపించేది ఎక్కువగా అదే. ఆ కదలికల పెద్ద వరుస పూర్తిగా చేస్తే 20 నిమిషాల పైన పడుతుంది. 1956లో చైనా క్రీడా కమిషన్ దాన్ని 24 కదలికలకి కుదించింది. అది 5, 6 నిమిషాల్లో అయిపోతుంది. కొత్తవాళ్లు 24తో మొదలుపెట్టండి. 108 కదలికల పెద్ద వరుస వచ్చని చెప్పుకోవడం కన్నా 24 సరిగా రావడం మేలు.

సరే, చరిత్ర అయింది. ఇప్పుడు అసలు విషయం. కుర్చీలోనే కూర్చుని వినండి, లేవమన్నప్పుడు లేద్దురుగాని.

మొదటి నెల కదలికలు ఏమీ ఉండవు. ఇది వినగానే సగం మంది మానేస్తారు, నాకు తెలుసు. నిలబడడం, నడవడం, అంతే. నిలబడడం ఎలాగంటే, పాదాలు భుజాల వెడల్పున, ఒకదానికొకటి సమాంతరంగా. చాలామందికి మునివేళ్లు బయటికి తిరిగి ఉంటాయి, సరిచేసుకోండి. మోకాళ్లు కొద్దిగా వదలండి. వంచమనడం లేదు, బిగువు వదలమంటున్నాను. గజ్జల దగ్గర, తొడ మొదలయ్యే చోట మడత పడాలి, ఎత్తైన స్టూలు మీద కూర్చోబోతున్నట్టు. పిరుదులు వెనక్కి పొడుచుకు రాకూడదు. అలాగని లోపలికి బలవంతంగా ముడుచుకున్నా నడుం రాయిలా అయిపోతుంది. నడినెత్తి పైకి, గడ్డం కొంచెం లోపలికి. చేతులు రొమ్ము ఎత్తులో గుండ్రంగా, మోచేతులు కిందికి వాలి, చంకలో పిడికిలి పట్టేంత ఖాళీ. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లు చేతులు బొడ్డు ఎత్తులోనే ఉంచండి.

ఎంతసేపు? మొదటి వారం 3 నిమిషాలు. వారానికి ఒక నిమిషం చొప్పున పెంచుకుంటూ 15 దాకా వెళ్లండి. మొదటి రోజే 20 నిమిషాలు నిలబడి, మర్నాడు తొడలు పట్టేసి మంచం దిగలేనివాళ్లు ఉంటారు. తొడలు వణకడం మామూలే, భయపడక్కర్లేదు. కళ్లు తిరగడం మామూలు కాదు. మోకాళ్లు బిగించేసి కదలకుండా నిలబడితే కాళ్లలోకి దిగిన రక్తం పైకి సరిగా రాదు, అందుకే పెరేడ్‌లో కుర్రాళ్లు కూలబడతారు. బీపీ మాత్రలు వాడేవాళ్లకి ఇది ఇంకా తొందరగా వస్తుంది. అలా అనిపిస్తే పట్టుదలకి పోకండి. చేతులు దించి మెల్లగా నడవండి, లేదా కూర్చోండి.

నిలబడినప్పుడు ఏం గమనించాలి? భుజాలు. నిమిషంన్నరకి అవి చెవుల వైపు పాకుతాయి. మళ్లీ దించండి. మళ్లీ పాకుతాయి. మళ్లీ దించండి. సాధన అంటే ఆ పదిహేను నిమిషాల్లో జరిగేది ఇదే, ఇంకేదో వెలుగు కనిపిస్తుందని ఎదురుచూడకండి. ఊపిరి గురించి ఒక్క మాట: ముక్కుతో, దానంతట అదే. ప్రాణాయామం అలవాటున్నవాళ్లు తెలియకుండా కుంభకం పట్టేస్తారు, అంటే ఊపిరి బిగబట్టేస్తారు. అది ఇక్కడ వద్దు. కదలికకీ ఊపిరికీ జత కుదర్చడం మొదటి ఆరు నెలలు అసలు పెట్టుకోకండి.

నడక చెబుతాను. ఇది జాగ్రత్తగా వినండి, అంతా ఇందులోనే ఉంది. బరువు మొత్తం కుడికాలి మీద పెట్టండి. ఎడమకాలు ఖాళీ. దాన్ని ముందుకి చాపి మడమ ఒక్కటే నేలకి తాకించండి. ఆగండి! ఇక్కడ ఆగండి. ఇప్పుడు ఆ కాలిని, ఒళ్లు ఏమాత్రం ఊగకుండా, వెనక్కి తీసుకోగలరా? తీసుకోగలిగితే అది ఖాళీ అడుగు. తీసుకోలేక ముందుకి తూలిపోతే అది అడుగు వెయ్యడం కాదు, పడడం. మనం రోజూ నడిచే నడక అలా పడుతూ పట్టుకోవడమే. కింద తడి ఉందని ఆ మడమకి తెలిసేసరికి మన బరువు అప్పటికే దాని మీదకి వెళ్లిపోయి ఉంటుంది. తాయ్‌చీ నడకలో ముందు కాలు వెళ్లి చూసుకుంటుంది, బరువు తర్వాత వెళుతుంది. ఇలా ముందుకి పది అడుగులు, వెనక్కి పది అడుగులు. వెనక్కి వేసేటప్పుడు ముందు మునివేళ్లు, తర్వాత మడమ. పెద్దవాళ్లు పక్కన గోడో కుర్చీ వీపో అందేలా చూసుకోండి.

ఒక కొలత కూడా గుర్తుపెట్టుకోండి. రెండు పాదాలూ తాడు మీద నడిచినట్టు ఒకే గీత మీద ఉండకూడదు. రైలు పట్టాల్లా, మధ్యలో తుంటి వెడల్పు ఉండాలి. ముందుకి బరువు వేశాక ముందుకాలి మీద 70 పాళ్లు, వెనక్కాలి మీద 30. వెనక పాదం బయటికి 45 డిగ్రీలు. ఎవరైనా అడుగు వేయగానే పక్కకి ఊగుతున్నారంటే, నూటికి తొంభై మంది పాదాలు ఒకే గీత మీదకి వచ్చేసి ఉంటాయి.

ఇక మోకాలు. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే తాయ్‌చీ చేస్తే మోకాళ్లు బాగుపడతాయన్నవాళ్లూ ఉన్నారు, పాడైపోయాయన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు!

24లో రెండో కదలిక, అడవిగుర్రం జూలు విడదీయడం. ఎడమకాలు ముందుంది, బరువు దాని మీద 70 పాళ్లు ఉంది. ఇప్పుడు కుడికాలు ముందుకి రావాలి. అందుకు ఎడమ పాదం ముందు బయటికి తిరగాలి. సరైన పద్ధతి ఏమిటి? వెనక కుడికాలి మీదకి కూర్చోవాలి. ఎడమ మునివేళ్లు లేవాలి. నడుం ఎడమకి తిరగాలి, నడుంతో పాటు ఆ పాదం మడమ మీద 45 డిగ్రీలు తిరగాలి. పాదం కిందికి ఆనించి, అప్పుడు బరువు దాని మీదకి. నాలుగు పనులు. చాలామంది ఏం చేస్తారు? వెనక్కి కూర్చోవడం మానేస్తారు. బరువు ముందుకాలి మీద ఉండగానే నడుం తిప్పేస్తారు. పైన తొడ తిరిగింది, కింద రబ్బరు సోలు గచ్చుని పట్టుకుని పాదం తిరగలేదు. మధ్యలో ఉన్నదెవరు? మోకాలు. మోకాలు మడుచుకోవడానికి ఉన్న కీలండీ, అది పిండుకోవడానికి లేదు. లోపలి మృదులాస్థి నలుగుతుంది. ఒకసారి అయితే ఏమీ తెలియదు. రోజుకి ఇరవైసార్లు చొప్పున ఏడాది చేస్తే తెలుస్తుంది. అనుభవజ్ఞులు కొందరు బరువున్న కాలి మీద కూడా తిరుగుతారు, ఆ శాఖలూ ఉన్నాయి. వాళ్ల తుంటి కీలు అంతగా తెరుచుకుని ఉంటుంది. మనం వాళ్లం కాదు.

రెండో తప్పు, మోకాలు లోపలికి వాలిపోవడం. మోకాలి చిప్ప ఎప్పుడూ పాదం రెండో వేలి వైపు చూడాలి. మునివేళ్ల గీత దాటి ముందుకి పోకూడదు. అది లోపలికి వాలుతోందంటే తప్పు మోకాలిది కాదు, పైన తుంటి బిగుసుకుని ఉంది. అడుగు పొడవు తగ్గించండి, ఎత్తుగా నిలబడండి. కిందికి దిగితేనే గొప్ప అన్నది పోటీల నుంచి వచ్చిన జబ్బు. 16, 17 కదలికల్లో పాములా నేలబారున దిగేది ఉంటుంది. నలభై దాటినవాళ్లు సగం దిగితే చాలు. మోకాలి మార్పిడి అయినవాళ్లు ఆపరేషన్ చేసిన డాక్టరుగారిని అడక్కుండా అది అసలు ముట్టుకోవద్దు.

చెప్పులు, బూట్ల మాట అడుగుతారు. పల్చటి, చదునైన సోలు. పరుగు బూట్లు వద్దు, మడమ ఎత్తుగా ఉండి గచ్చుని పట్టేస్తాయి. టైల్స్ మీద సాక్సులతో అయితే మరీ వద్దు.

ఆరోగ్యానికి నిజంగా పనిచేస్తుందా, లేక చైనావాళ్ల ప్రచారమా? న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలో 195 మంది పార్కిన్‌సన్స్ రోగులతో, అంటే ఒళ్లు వణికి నడక తడబడే జబ్బున్నవాళ్లతో, చేసిన పరీక్ష 2012లో అచ్చయింది. వాళ్లని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి తాయ్‌చీ, ఒక జట్టుకి బరువులతో వ్యాయామం, ఒక జట్టుకి ఒళ్లు సాగదీయడం. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు. నిలకడ విషయంలో తాయ్‌చీ జట్టు మిగతా రెండింటినీ మించింది. పడిపోవడం సాగదీత జట్టు కన్నా తగ్గింది. గమనించండి, వారానికి రెండు గంటలే! కానీ ఆరు నెలలు. పది రోజుల శిబిరానికి వెళ్లొచ్చి ఏమీ తేడా లేదండీ అంటే నేనేం చెప్పను? ఇంకో మాట, రోగం నయమైందని ఆ పరీక్ష చెప్పలేదు. తాయ్‌చీతో షుగరు మాత్రలు మానెయ్యొచ్చని ఎవరైనా చెబితే వాళ్ల దగ్గర నేర్చుకోకండి.

ఇప్పుడు కుర్రాళ్ల వాటా. ఆత్మరక్షణ.

2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో షూ షియావోడాంగ్ అనే ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిపిన పోటీ) పోరాటగాడు, తాయ్‌చీ గురువునని చెప్పుకునే ఒకాయన్ని అర నిమిషం లోపే నేలమీద పడేసి కొట్టాడు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. తాయ్‌చీవాళ్లం సిగ్గుపడవలసిందే. అందులో తెలిసేదేమిటి? ఎవడూ నిన్ను గట్టిగా తొయ్యకుండా, లాగకుండా ఇరవై ఏళ్లు చేతులు తిప్పితే, నీకు వచ్చేది చేతులు తిప్పడమే. 1954లో మకావులో ఇంకో పోటీ జరిగింది, వూ గోంగ్‌యీ అనే తాయ్‌చీ గురువుకీ, ఆయన కన్నా చాలా చిన్నవాడైన శ్వేతక్రౌంచం, అంటే తెల్లకొంగ, అనే కుంగ్‌ఫూ శాఖ యోధుడు చాన్ హాక్‌ఫూకీ. అగ్నిప్రమాద బాధితుల కోసం పెట్టిన పోటీ. రెండో రౌండులో ఆపేసి, గెలుపూ ఓటమీ లేవన్నారు. ఆ ఫిల్ము చూస్తే ఎక్కడా పార్కులో కనిపించే సొగసు ఉండదు. చిందరవందర గుద్దులాట. అయినా వూ గోంగ్‌యీ నిలబడ్డాడు. నిజం పోట్లాట అలాగే ఉంటుంది.

నడుమ ఏ మెట్టు తప్పిపోతోంది? జంటగా చేసే సాధన. చైనాలో త్వీషౌ అంటారు, చేతుల తోపుడు అనుకోండి. ఇద్దరూ కుడికాలు ముందుపెట్టి ఎదురెదురుగా నిలబడతారు. కుడి మణికట్ల వెలుపలి వైపు ఒకదానికొకటి ఆనిస్తారు. ఒకరు ఎదుటివాడి రొమ్ము వైపు మెల్లగా తోస్తారు. ఎదుటివాడు వెనక్కాలి మీదకి కూర్చుంటూ నడుం తిప్పి ఆ తోపుని పక్కకి పోనిస్తాడు. తర్వాత తను తోస్తాడు. పాదాలు కదలకూడదు. తప్పులు రెండే. తోపుకి ఎదురు తొయ్యడం ఒకటి, స్పర్శ వదిలేసుకోవడం రెండోది. ఆర్టీసీ బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడేవాడిని చూడండి, డ్రైవరు బ్రేకు వేసే ముందే వాడి కాలు సర్దుకుంటుంది. ఆ తెలివి ఇక్కడ మణికట్టుకి రావాలి. మూడో నెల దాటాక మొదలుపెట్టి, ఒక్కో వైపు పది నిమిషాలు చొప్పున చెయ్యండి. మనిషిని మార్చి మార్చి చెయ్యండి. ఒకే జతగాడితో చేస్తుంటే ఇద్దరూ మర్యాదగా పడిపోవడం అలవాటవుతుంది.

ఒక్క ప్రయోగం చూపిస్తాను. బాబూ, నువ్వు ఇలా రా. కుడిచేత్తో నా రొమ్ము మీద తొయ్యి. గట్టిగానే తొయ్యి, ఏం కాదు. చూడండి, నా ఎడమకాలు ముందుంది. నా కుడిచెయ్యి అతని మణికట్టు మీద పడింది. పట్టుకోలేదు, ఆనించాను. నా ఎడమ ముంజేయి అతని మోచేతికి కొంచెం పైన, బయటి వైపు నుంచి ఆనింది. ఇప్పుడు నేను కుడికాలి మీదకి కూర్చుంటూ నడుం కుడికి 45 డిగ్రీలు తిప్పుతాను. అతను ఎక్కడికి వెళ్లాడు? నా పక్కనుంచి ముందుకి తూలాడు. దీన్నే ల్యూ అంటారు. ఇప్పుడు తప్పు చూపిస్తాను. నడుం తిప్పకుండా చేతులతో లాగుతున్నాను. ఏమైంది? అతను నేరుగా నా మీదకే వచ్చాడు, అతని తల నా మూతికి తగలబోయింది. ఇంకో తప్పు, నేను వెనక్కి కూర్చోకుండా వెనక్కి వాలాను. ఇప్పుడు అతను చిటికెన వేలితో నన్ను పడేస్తాడు. థాంక్స్ బాబూ, కూర్చో.

ఇందులో కనిపించింది ఏమిటి? వెనక్కాలి మీదకి కూర్చోవడం, నడుం తిప్పడం. ఇందాక గుర్రం జూలు కదలికలో మోకాలిని కాపాడింది కూడా ఈ రెండు పనులే కదా!

హద్దులు కూడా చెప్పాలి. కత్తి పట్టుకున్నవాడి ముందు ఇవేవీ ప్రయత్నించకండి, పర్సు ఇచ్చెయ్యండి, పరుగెత్తండి. ఇద్దరు ముగ్గురు చుట్టుముడితే గోడకి దూరంగా జరుగుతూ అరవండి. దూరం నుంచి గుద్దేవాడిని ఎదుర్కోవాలంటే గ్లోవ్స్ వేసుకుని, నిజంగా గుద్దే మనిషితో విడిగా సాధన ఉండాలి, వారానికి ఒక్క గంటైనా. తాయ్‌చీ బాగా అక్కరకొచ్చేది చెయ్యి పట్టుకున్నప్పుడు, తోసినప్పుడు, మీద పడి నలిపేస్తున్నప్పుడు. అంటే ఒంటికి ఒళ్లు తగిలే దూరంలో.

గురువుని ఎలా ఎంచుకోవాలి? మూడు ప్రశ్నలు అడగండి. ఈ కదలిక దేనికి అంటే ఎదుటి మనిషి మీద చూపిస్తారా? జంట సాధన నేర్పుతారా? నేను మిమ్మల్ని తొయ్యడానికి ఒప్పుకుంటారా? చెయ్యి తగలకుండానే శిష్యులు ఎగిరి పడిపోతుంటే మాత్రం మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. మీ ఊళ్లో గురువు లేక వీడియోతో నేర్చుకునేవాళ్లు వెనక నుంచి తీసినవి చూడండి. ఎదురుగా తీసినవాటిలో కుడి ఎడమలు తారుమారవుతాయి. వారానికి ఒకసారి మీ ఫోనులో మిమ్మల్ని తీసుకోండి, మొహం రాకపోయినా ఫర్వాలేదు, నడుం నుంచి పాదాల దాకా కనిపించాలి. రోజుకి అరగంట చాలు, భోజనం అయిన వెంటనే వద్దు. ఐదు నిమిషాలు కీళ్లు తిప్పుకోవడం, పది నిమిషాలు నిలబడడం, ఐదు నిమిషాల నడక, మిగతాది వరుస. వారానికి రెండు కొత్త కదలికలు చొప్పున, మూడు నెలల్లో 24 అయిపోతాయి. తర్వాత ఆరు నెలలు కొత్తవేమీ వద్దు, దిద్దుకోవడమే.

ఇక ఇప్పుడు లేవండి. కుర్చీలు గోడ వైపు జరపండి. పెద్దవాళ్లు కుర్చీ వీపు చేతికందేలా నిలబడండి, మిగతావాళ్లు ఒకరికొకరు చెయ్యి చాపినంత దూరంలో. బరువు కుడికాలి మీద. ఎడమ మడమ ముందుకి. ఆగండి. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోండి చూద్దాం.